ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో పడవ ప్రయాణం: గాజు కప్పు పడవా, గైడు ఉన్న చిన్న పడవా?

ఆమ్‌స్టర్‌డామ్ పాత నగరాన్ని కాలువల మీదుగా చూపించే పడవలు ప్రధానంగా రెండు రకాలు. గాజు కప్పుతో ఉండే పొడవాటి పెద్ద పడవల్లో ముందే రికార్డు చేసిన వ్యాఖ్యానం హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది. కప్పు లేని చిన్న పడవల్లో కొద్దిమందే కూర్చుంటారు, గైడు ఎదురుగా ఉండి మాట్లాడతాడు. రెండింటిలోనూ తిరిగిన మీదట, కాలువల అందం చూసి ఫొటోలు తీసుకుంటే చాలుననుకునేవారికి ఏ పడవైనా ఒకటేనని, ఈ నగరం నీటి మీద ఎలా నిలబడిందో తెలుసుకోవాలనుకునేవారు మాత్రం చిన్న పడవే ఎక్కాలని నా అభిప్రాయం.

పెద్ద పడవలో నాకు ఎదురైన ఇబ్బంది చాలామందికి ఎదురయ్యేదే. ఎదురుగా మరో పడవ రావడంతో మా పడవ వంతెన ముందు ఆగిపోయింది కానీ వ్యాఖ్యానం ఆగలేదు. అది వర్ణిస్తున్న ఇల్లు ఏదో తెలియక అందరూ తలలు అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు. ఎండ పడినప్పుడు గాజులో మన ముఖమే కనిపిస్తుంది. అయితే చలికీ వానకీ భయం లేదు, వ్యాఖ్యానం ఎన్నో భాషల్లో దొరుకుతుంది.

చిన్న పడవలో గైడు మొదట చూపించినవి ప్రసిద్ధ కట్టడాలు కావు, ఇళ్ల శిఖరాల నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన దూలాలు, వాటికి వేలాడే ఇనుప కొక్కేలు. లోపలి మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉండటం వల్ల పూర్వం సరుకుల మూటలను ఆ కొక్కేలకు తాళ్లు కట్టి పై అంతస్తులకు లాగేవారు, ఇల్లు మారేటప్పుడు సామాను ఇప్పటికీ అలాగే ఎక్కిస్తుంటారు. పైకి వెళ్లే బరువు గోడకు రాసుకోకుండా ఇంటి ముఖాన్ని కావాలనే కొద్దిగా ముందుకు వంచి కట్టేవారు. ఆ తర్వాత ఆయన పక్కకు ఒరిగిన మరో ఇంటిని చూపించి, ముందుకు వంగడం కట్టినవారి తెలివి అయితే, పక్కకు ఒరగడం పునాది జబ్బు అని వివరించాడు. అక్కడి నుంచి గట్టు మీద ఏ ఇంటిని చూసినా ఆ తేడా నాకు నేనుగా గుర్తుపట్టగలిగాను. గైడు పనితనానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పునాదుల గురించిన వివరణ ఈ ప్రయాణంలో అన్నిటికంటే విలువైన భాగం. కింద ఉన్నది మెత్తటి బురద నేల కాబట్టి, గట్టి ఇసుక పొర తగిలేదాకా కొయ్య స్తంభాలు దించి వాటి మీద ఇళ్లు కట్టారు. 17వ శతాబ్దంలో నగర సభా భవనంగా కట్టిన నేటి రాజభవనం కింద అలాంటివి 13,659 ఉన్నాయి. నీటిలో మునిగి ఉన్నంతకాలం ఆ కొయ్య శతాబ్దాలు నిలుస్తుంది, గాలి తగిలితే మాత్రం బూజు పట్టి కుళ్లుతుంది. అందుకే నీటిమట్టాన్ని ఎప్పుడూ అదుపులో ఉంచుతారు. 2020 సెప్టెంబరులో గ్రింబుర్గ్‌వాల్ వద్ద కాలువ గట్టు గోడ కూలిపోయింది. గట్ల వెంట ఊతంగా దిగ్గొట్టిన ఇనుప పలకలను చూపిస్తూ గైడు ఆ సంగతి చెప్పాడు. పెద్ద పడవలో ఆ పలకల ప్రస్తావనే రాలేదు.

1613లో తవ్వకం మొదలై, 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన కాలువల వలయంలో హేరెన్‌గ్రాఖ్త్ అనే కాలువ వంపు అత్యంత సంపన్నమైన చోటు. అక్కడి భవనాల వైభవాన్ని పొగిడి ఊరుకోకుండా, ఆ డబ్బులో బానిసల వ్యాపారం వాటా ఉందనీ, డచ్చి రాజు 2023లో అందుకు క్షమాపణ చెప్పాడనీ గైడు తడబడకుండా చెప్పడం నాకు నచ్చింది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ గురించి మాత్రం సుగంధ ద్రవ్యాలతో సరిపెట్టేశాడు. మన మచిలీపట్నంలో ఆ కంపెనీ వర్తక స్థావరం ఉండేదనీ, కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఈ దేశానికి ఓడల్లో వచ్చేవనీ తెలిసిన తెలుగువారికి అది లోటుగానే అనిపిస్తుంది.

ప్రిన్సెన్‌గ్రాఖ్త్ కాలువ గట్టు మీది 263వ నంబరు ఇల్లు, అంటే నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ ఇల్లు దగ్గర గైడు క్లుప్తంగా మాట్లాడాడు. కాలువ నుంచి కనిపించేది ముందు భాగమేననీ, ఆన్ కుటుంబం రెండేళ్లకు పైగా తలదాచుకున్నది వెనుక భాగంలోననీ చెప్పి, లోపలికి వెళ్లాలంటే టికెట్లు చాలా ముందుగా తీసుకోవాలని గుర్తుచేశాడు. రెఖులియర్స్‌గ్రాఖ్త్ కాలువ మొదట్లో ఏడు వంతెనలు ఒకే వరుసలో కనిపించే చోట మాత్రం పడవలన్నీ పోగై రద్దీగా ఉంటుంది, మా పడవకు అక్కడ సరిగ్గా ఆగడానికి వీలు కాలేదు.

చిన్న పడవకూ కొన్ని లోపాలున్నాయి. నేను ఎక్కినదానిలో మరుగుదొడ్డి లేదు, వాన వస్తే గొడుగే దిక్కు, గైడు మాట్లాడింది ఆంగ్లంలోనే. పెద్దవారితో, పసిపిల్లలతో వెళ్లేవారికి, చలికాలంలో వెళ్లేవారికి గాజు కప్పు పడవే సుఖం. తక్కినవారు టికెట్టు కొనే ముందు మాట్లాడేది మనిషా, రికార్డింగా అని తప్పక అడగాలి, ఎందుకంటే ప్రకటనల్లో రెండింటినీ గైడు ఉన్న ప్రయాణమనే రాస్తుంటారు. ఎక్కిన తర్వాత గైడుకు దగ్గరగా కూర్చోవాలి. వంతెనల కింద ఇంజను చప్పుడు ప్రతిధ్వనించినప్పుడు దూరంగా ఉన్నవారికి సగం మాటలే వినిపిస్తాయి.