అమీర్‌పేటలో కామెంటరీ కోర్సు: ఫీజు కట్టేముందు ఇది చదవండి

ఎనిమిది వారాలు, శని, ఆదివారాలు మూడేసి గంటలు, ఫీజు 22 వేలు. సంస్థ పేరు రాయడం లేదు. నేను నల్గొండ జిల్లా జట్టుకి కబడ్డీ ఆడాను. మోకాలి లిగమెంట్ తెగాక ఆట ఆగిపోయింది. 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ వచ్చినప్పటి నుంచి ప్రో కబడ్డీ తెలుగులో వింటున్నా. ఆ మైకు ముందు కూర్చోవాలన్న కోరికతోనే చేరాను.

మొదటి రెండు వారాలు దండగ. గొంతు ఎలా మార్చాలి, అద్దం ముందు ఎలా మాట్లాడాలి అంటూ స్లైడ్లు చూపించారు. అసలు కోర్సు మూడో వారంలో మొదలైంది. సౌండ్ తీసేసిన మానిటర్‌లో మ్యాచ్ నడుస్తుంటే హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడాలి. మనం మాట్లాడుతుండగానే చెవిలో ప్రొడ్యూసర్ గొంతు "పది, తొమ్మిది, ఎనిమిది" అని లెక్క మొదలుపెడుతుంది. సున్నా అనేసరికి మన వాక్యం పూర్తవ్వాలి, వెంటనే బ్రేక్. కబడ్డీలో ఒక్కో రైడ్ 30 సెకన్లే. మొదటి రోజు డూ ఆర్ డై రైడ్ (పాయింట్ తేకపోతే రైడర్ అవుటే) నడుస్తోంది. రైడర్ బోనస్ గీత మీద కాలు పెట్టాడు, కార్నర్ డిఫెండర్ చీలమండ అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే చెవిలో లెక్క మొదలైంది. నా నోట మాట రాలేదు. నాలుగోసారికి గానీ చెవి, నోరు వేరు కాలేదు.

నేర్పిన సారు రేడియోలో పనిచేసి రిటైరైనవారు. టీవీలో కనిపిస్తున్నది మళ్లీ చెప్పొద్దు, పట్టు ఎందుకు జారిందో చెప్పు అనేవారు. అదే రేడియో అయితే స్కోరు మాటిమాటికీ చెప్పాలట, ఇప్పుడే రేడియో పెట్టినవాళ్లూ ఉంటారు కదా. నేను అలవాటు కొద్దీ "కూతకొచ్చాడు" అంటే తప్పు పట్టలేదు, ఆ మాట వదలొద్దన్నారు. ఆయన కోసమైతే 22 వేలూ ఇవ్వొచ్చు.

బాధ ఎక్కడంటే, 14 మందికి హెడ్‌సెట్లు రెండే. నా వంతుకి వారానికి పావుగంట కూడా రాలేదు. చేరేటప్పుడు "ఛానెల్‌లో అవకాశం గ్యారంటీ" అని నోటిమాటగా చెప్పారు, చివరికి చేతిలో పెట్టింది సర్టిఫికెట్ ఒక్కటే. ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి క్రికెటర్లు దేశానికి ఆడి వచ్చి కూర్చున్న కుర్చీలవి. మనలాంటి వాళ్లు స్కోరర్‌గానో, ప్రొడక్షన్ అసిస్టెంట్‌గానో లోపలికి వెళ్లి ఎదురుచూడాలి. ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

చేరాలనుకుంటే హెడ్‌సెట్లు ఎన్ని, తలకి ఎన్ని నిమిషాలు వస్తాయి అని అడిగి, రాయించుకుని డబ్బు కట్టండి.

సంక్రాంతికి మా ఊరి టోర్నమెంట్‌లో మైకు నాకే ఇచ్చారు. ఫోన్‌లో రికార్డు చేసి తమ్ముడికి వినిపించాను. కళ్లు మూసుకుని విని, "అన్నా, పట్టింది ఎవరో చెప్పలేదేంటి?" అన్నాడు. ఇప్పుడు రోజూ రాత్రి టీవీ సౌండ్ తీసేసి, ముందు పేరు చెప్పడం ప్రాక్టీస్ చేస్తున్నా.