గంటకు 70 డాలర్లా, రోజుకు 500 పౌండ్లా, నెలకు 5 లక్షలా: ఏది మేలు?

ఐటీలో కాంట్రాక్టు పని వెతుక్కునేవాళ్లు ముందుగా రేటును రూపాయల్లోకి మార్చి చూసుకుంటారు. లెక్క అక్కడే తప్పుతుంది. అమెరికాలో గంటకు, బ్రిటన్‌లో రోజుకు, మన దగ్గర నెలకు మాట్లాడుకుంటారు. చెప్పిన అంకెలో ఎంత మీ చేతికి వస్తుందన్నది దేశానికో తీరు.

మనవాళ్లకు బాగా తెలిసింది అమెరికా. గంటకు 70 డాలర్లంటే, ఏడాదికి 2,000 గంటల లెక్కన 1,40,000. కానీ ఆ 70 డబ్ల్యూ2 (కంపెనీ ఉద్యోగిగా జీతం) మీద ఒక విలువ, 1099 (స్వతంత్ర కాంట్రాక్టరుగా చెల్లింపు) మీద మరో విలువ. డబ్ల్యూ2లో సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్నుల సగం భారం (7.65 శాతం) కంపెనీది. 1099లో రెండు సగాలూ కలిపి 15.3 శాతం మీరే కట్టాలి. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా మీదే. నన్నడిగితే 1099కి గంటకు కనీసం 15, 20 డాలర్లు ఎక్కువ అడగాల్సిందే. ఇక క్లయింటుకీ మీకూ మధ్య ప్రైమ్ వెండార్ (క్లయింటుకు నేరుగా మనుషుల్ని పంపే మధ్యవర్తి కంపెనీ), దాని కింద ఇంకో వెండార్ ఉంటే, ఒక్కొక్కరూ కొంత కోసుకున్నాకే మీ దాకా వస్తుంది.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకైతే సొంతంగా ఫ్రీలాన్స్ చేసే వీలే లేదు. ప్రాజెక్టు అయిపోయి ఉద్యోగం పోతే, కొత్త దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఆ టెన్షన్‌కి ఏ రేటూ సరిపోదు. గ్రీన్‌కార్డు ఉంటే మాత్రం అమెరికా రేటుకు సాటి లేదు.

బ్రిటన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు కాదు, ఐఆర్35 (పేరుకు కాంట్రాక్టరైనా ఉద్యోగిలా పనిచేసేవాళ్లకు ఉద్యోగి పన్నులే వేసే నిబంధన). 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రంగంలోని పెద్ద, మధ్యతరహా క్లయింట్లే మీరు నిజంగా కాంట్రాక్టరా, పేరు మార్చుకున్న ఉద్యోగా అని తేల్చాలి. ఆ తలనొప్పి ఎందుకని చాలా పెద్ద బ్యాంకులు సొంత లిమిటెడ్ కంపెనీ ద్వారా పనిచేసే కాంట్రాక్టర్లను తీసుకోవడమే మానేశాయి. ఉద్యోగే అని తేలిస్తే ‘ఇన్‌సైడ్’, కాంట్రాక్టరే అని తేలిస్తే ‘అవుట్‌సైడ్’. ‘ఇన్‌సైడ్’ అంటే మామూలుగా అంబ్రెల్లా కంపెనీ (మిమ్మల్ని తన ఉద్యోగిగా పెట్టుకుని జీతమిచ్చే మధ్యవర్తి) ద్వారా పనిచేయాలి. రోజుకు 500 పౌండ్లు, ఏడాదికి 220 రోజులు అనుకుంటే 1,10,000. అందులోంచి ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్ (యజమాని వాటా సామాజిక భద్రతా పన్ను), శిక్షణ లెవీ కలిపి సుమారు 14 వేలు ముందే పోతాయి. మీ ఇన్‌కమ్ ట్యాక్స్ ఆ తర్వాతి సంగతి. సెలవుల జీతం కూడా ఆ 500లోనే కలిపేస్తారు. కాబట్టి ఇన్‌సైడ్ 500 కంటే అవుట్‌సైడ్ 430 వచ్చినా నేనైతే అవుట్‌సైడే తీసుకోమంటాను. స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్లకు ఈ మార్కెట్ దాదాపు మూసినట్టే, స్పాన్సర్‌ని వదిలి సొంత కంపెనీ మీద పనిచేయలేరు.

జర్మనీలో రేట్లు మంచివే, కానీ జర్మన్ భాష రాకపోతే దొరికే పని తక్కువ. ఒకే క్లయింటు దగ్గర ఏళ్ల తరబడి ఉద్యోగిలా పనిచేస్తే అది బూటకపు స్వయం ఉపాధి అని తేల్చే ప్రమాదం కూడా ఉంది.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని విదేశీ క్లయింటుకు నేరుగా చేసే పని నెలకు 5 లక్షలే అయినా తక్కువగా చూడకండి. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ (ప్రొఫెషనల్స్‌కు ఖర్చుల లెక్కలు చూపకుండా పన్ను కట్టే వీలిచ్చే సెక్షన్) కింద, వచ్చినదంతా బ్యాంకు ద్వారానే వస్తే, 75 లక్షల దాకా సగాన్నే ఆదాయంగా చూపవచ్చు. 2025-26 కొత్త పన్ను విధానం లెక్కలో 60 లక్షల బిల్లింగ్ మీద పన్ను దాదాపు 5 లక్షలు. అదే 60 లక్షలు జీతమైతే సర్‌ఛార్జితో కలిపి 15 లక్షలు దాటుతుంది. మీ పని ఆ సెక్షన్ కిందికి వస్తుందో లేదో ముందే సీఏని అడగండి. 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఎగుమతి కాబట్టి ఏటా ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీ పత్రం) వేస్తే జీఎస్టీ కలపకుండానే ఇన్‌వాయిస్ పంపవచ్చు.

ఎనిమిది, పదేళ్ల అనుభవం, ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉన్నవాళ్లకు నా ఓటు ఇలా ఇక్కడే కూర్చుని చేసే పనికే. క్లయింటు లండన్ వాళ్లయితే ఇంకా మేలు. వాళ్ల తొమ్మిది నుంచి ఐదు, వేసవిలో మనకు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర. న్యూయార్క్ వాళ్లయితే పని మొదలయ్యేదే సాయంత్రం ఆరున్నరకు. చిక్కల్లా డబ్బు రాబట్టుకోవడమే. ఇక్కడి నుంచి అక్కడి కోర్టుకు వెళ్లలేం. అందుకే మొదటి నెల అడ్వాన్స్, ఆ తర్వాత 15 రోజులకో ఇన్‌వాయిస్ అని కాంట్రాక్టులో రాయించుకోండి. దీనికి ఒప్పుకోని క్లయింటు రేటు ఎంత చెప్పినా వదిలేయండి.