కౌంటర్-స్ట్రైక్ 1.6: ఆట బంగారం, మౌస్ ఫైలుతోనే తంటా

2003లో వచ్చిన ఈ తుపాకుల ఆట, 1.6, గ్రాఫిక్స్ కార్డు లేని పాత సిస్టమ్ మీద కూడా పరిగెడుతుంది. పర్లాకిమిడి, గుణుపూర్ గేమింగ్ సెంటర్లలో గంటల లెక్కన ఆడేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? ఆటకి వంక పెట్టను. మౌస్ సెట్టింగ్ దాచుకునే తీరుకి మాత్రం పెడతాను.

మౌస్, కీల సెట్టింగులు ఆట తాలూకు సీస్ట్రైక్ ఫోల్డర్లోని కాన్ఫిగ్.సీఎఫ్‌జీ ఫైల్లో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు, దిద్దచ్చు. అంతవరకు హాయి. చిక్కేమిటంటే, కన్సోల్లో, అంటే ఆటలో కమాండ్లు టైపు చేసే కిటికీలో, కొట్టిన మార్పు ఆట నుంచి సరిగా బయటికొచ్చినప్పుడే ఫైల్లోకి ఎక్కుతుంది. వానాకాలం, యూపీఎస్ లేని సిస్టమ్, టప్పున కరెంటు పోయిందా, కుదుర్చుకున్నదంతా గోవిందా. పోనీ ఆట నడుస్తుండగానే నోట్‌ప్యాడ్‌లో దిద్దుదామంటే, బయటికొచ్చేటప్పుడు ఆట మీ రాతని చెరిపేసి తన దగ్గరున్నదే రాస్తుంది. దానికితోడు మీ ముందు కూర్చున్నవాడు దూకే కీని ఎక్కడికి మార్చి వెళ్ళాడో వాడికే ఎరుక.

అందుకే ఆ ఫైలు జోలికి పోకండి. సొంత ఫైలొకటి, నాది.సీఎఫ్‌జీ అనుకోండి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. పేరూ, కమాండ్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. లోపల నాలుగు లైన్లు చాలు: సెన్సిటివిటీ 2, ఎం_రాఇన్‌పుట్ 1, ఎం_ఫిల్టర్ 0, మౌస్ చక్రం కిందికి తిప్పితే దూకేలా ఒక బైండ్, అంటే మీటకి పని అప్పగించే లైను. సీస్ట్రైక్ ఫోల్డర్లో వేసి, ఆట తెరిచాక కన్సోల్లో ఎగ్జెక్ అని కొట్టి పక్కన ఫైలు పేరు ఇవ్వాలి.

రాఇన్‌పుట్ ఉంటే విండోస్ పాయింటర్ వేగం, యాక్సిలరేషన్ అడ్డు రావు. పాత కాపీల్లో ఆ కమాండ్ ఉండదు, 'అన్‌నోన్ కమాండ్' అంటుంది. అప్పుడు లాంచ్ ఆప్షన్లలో, అంటే ఆట తెరిచేముందే ఇచ్చే ఆదేశాల్లో, నోఫోర్స్‌ఎంపార్మ్స్, నోఫోర్స్‌ఎంయాక్సెల్, నోఫోర్స్‌ఎంఎస్‌పీడీ, మూడింటికీ ముందు అడ్డగీత పెట్టి రాసి, విండోస్ మౌస్ సెట్టింగుల్లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' టిక్కు తీసేయాలి. ఫిల్టర్ 1లో ఉంటే ఇప్పటి కదలికని ముందుదానితో కలిపి సగటు తీస్తుంది. చెయ్యి ఆగినా గురి కొంచెం జారినట్టుంటుంది, దాన్ని 0లోనే ఉంచండి.

వేగం లెక్క తేలికే. మౌస్ పంపే ఒక్కో అంకెకి ఆటలో చూపు 0.022 డిగ్రీలు తిరుగుతుంది, దాన్ని సెన్సిటివిటీతో గుణించాలి. 800 డీపీఐ మౌస్‌తో, అంటే అంగుళం జరిపితే 800 అంకెలు పంపేదానితో, ముందునుంచి ఉండే సెన్సిటివిటీ 3 మీద, 17 సెంటీమీటర్లు జరిపితే ఒక చుట్టు పూర్తి. 2కి దించితే 26, 1.5కి 35. సెంటర్ బల్ల మీద కీబోర్డు పక్కన మిగిలే చోటు కొలుచుకుని ఎంచుకోండి. ఇరుకు బల్ల మీద 1.5 పెట్టుకుని వెనక్కి తిరగబోతే మౌస్ గోడకి తగులుతుంది. ఏడబ్ల్యూపీ, అదే స్కోపున్న స్నైపర్ తుపాకి, వాడేవాళ్ళు జూమ్_సెన్సిటివిటీ_రేషియో కూడా చూసుకోవాలి. అది 1.2 మీద ఉంటుంది, స్కోపులో చెయ్యి ఎగురుతుంటే 1కి దించండి.

ఫైలు పనిచెయ్యకపోతే నూటికి తొంభై సార్లు తప్పు నోట్‌ప్యాడ్‌దే. సేవ్ చేసేటప్పుడు 'ఆల్ ఫైల్స్' ఎంచుకోకపోతే పేరు చివర టీఎక్స్‌టీ తగులుకుంటుంది, అదేమో పైకి కనబడదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన కమాండ్లని అతికిస్తే వంకర కొటేషన్ గుర్తులొస్తాయి, ఆటకి అవి అర్థం కావు. ఆ గుర్తులు మీ చేత్తోనే మళ్ళీ కొట్టండి.

రీస్టార్ట్ చేస్తే అన్నీ పాతస్థితికొచ్చే సిస్టమ్‌లు పెట్టిన సెంటర్లలో కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ ఫైలు మళ్ళీ వేసుకోవాల్సిందే. పెన్‌డ్రైవ్ సిస్టమ్‌కే వదిలేసి లేవకండి.