రాత్రి కెమెరా: ఐఆర్ మేలా, కలర్ నైట్ విజన్ మేలా?

పగలు ఏ సీసీ కెమెరా అయినా బాగానే చూపిస్తుంది, అసలు పరీక్ష చీకటి పడ్డాకే.

ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి దాదాపు కనబడని కాంతి): కటిక చీకట్లోనూ పనిచేస్తుంది, కానీ అంతా నలుపు తెలుపే. చొక్కా ఎరుపో నీలమో తెలీదు.
కలర్: రంగులు తెలుస్తాయి, కాకపోతే ఎంతో కొంత వెలుతురు కావాలి, వీధిలైటు లేకపోతే దాని తెల్ల లైటు వెలగాల్సిందే, అది పక్కింటి కిటికీలో పడితే గొడవ.

ఖర్చు సంగతంటారా, ఐఆర్ చవక. కలర్‌కి పెద్ద సెన్సర్, ఎఫ్1.0 లాంటి, వెలుతురు బాగా లోపలికి వదిలే లెన్స్ కావాలి కాబట్టి ఎక్కువ.

850 నానోమీటర్ల (కాంతి తరంగదైర్ఘ్యం) ఐఆర్ లైట్లు సన్నగా ఎర్రగా మెరుస్తాయి, 940వి కంటికి కనబడవు కానీ అంత దూరం చూపించవు.

ఇక తలనొప్పులు. ఐఆర్ కెమెరాని కిటికీ అద్దం వెనక పెడితే తెల్లటి మెరుపే కనిపిస్తుంది, సాలెగూడు పట్టినా దాదాపు అంతే. కలర్‌లో వెలుతురు చాలకపోతే షట్టర్ నెమ్మదిస్తుంది, నడిచే మనిషి మసకగా సాగిపోతాడు. ప్రకటనల్లో ఫొటోలు కదలని వస్తువులవి కాబట్టి ఇది బయటపడదు, అందుకే మనిషి నడుస్తున్న రాత్రి వీడియో చూడకుండా కొనొద్దంటాను.

గేటు దగ్గర లైటు ఉండి, బండి రంగు కూడా తెలియాలంటే కలర్. చీకటి పెరడు, సందు అయితే ఐఆర్. తేల్చుకోలేకపోతే, మామూలుగా ఐఆర్‌తో నడుస్తూ, మనిషి కదిలినప్పుడే తెల్ల లైటు వేసే డ్యూయల్ లైట్ మోడల్ చూడండి.