ఆర్‌వీలో విక్స్‌బర్గ్, నాచెజ్: ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగొద్దు

డాలస్ నుంచి ఆర్‌వీ, అంటే పడకలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి, తీసుకుని మిసిసిపీ నది ఊళ్ళకి వెళ్దామనుకునే మనవాళ్ళకి ముందు ఒక్క మాట. రాత్రికి బండి నిలిపే ఆర్‌వీ పార్క్ బుకింగ్‌లో 50 ఆంప్ కరెంటు అని కనిపించినా సరే, ఫోన్ చేసి మన బండి పెట్టే సైట్ నంబర్ అడిగి మెయిల్‌లో రాయించుకోండి. విక్స్‌బర్గ్ దగ్గర మేము రాత్రికి 62 డాలర్లు, పైన ఇంకో 5 డాలర్లు ఏదో ఫీజు కట్టి 50 ఆంప్ ఫుల్ హుకప్ (కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్లు) తీసుకున్నాం, తీరా వెళ్ళాక 30 ఆంప్ సైట్ ఇచ్చారు, అదీ చక్రాలు దిగబడేంత బురదలో.

మాది 34 అడుగుల బండి, రెండు ఏసీలు. 30 ఆంప్ అంటే 3,600 వాట్లే, 50 ఆంప్ అయితే 12,000. అడాప్టర్ పెట్టి ఒక ఏసీ వేస్తే నడిచింది, రెండోది వేయగానే బ్రేకర్ పడిపోయింది, రైస్ కుక్కర్ పెట్టాలంటే ఆ ఒక్క ఏసీ కూడా ఆపాల్సి వచ్చింది. మే నెలాఖరు, గాలి లేదు, ఒకటే ఉక్క. వెనక బెడ్‌రూమ్‌లో అత్తయ్య గారు తడి తువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చున్నారు. ఆఫీసులో ఆవిడని అడిగితే ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా, ఉంటే ఉండండి లేకపోతే వెళ్ళండి, డబ్బులు మాత్రం వెనక్కి రావు అంది. పోనీ జనరేటర్ వేద్దామంటే రాత్రి పది దాటాక వేయకూడదని బోర్డు. మా ఆయనకీ బావగారికీ మాటా మాటా పెరిగి వదిన ఏడ్చేసింది. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినప్పుడు ఇలా చేస్తే ఒళ్ళు మండదా?

ఊరు మాత్రం చూసి తీరాల్సిందే. పాత యుద్ధభూమి అయిన మిలిటరీ పార్క్‌కి టికెట్ బండికి 20 డాలర్లు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో ఉత్తరాది సైన్యం 47 రోజులు ముట్టడించాక జూలై 4న ఈ ఊరు లొంగిపోయింది. అక్కడున్న కైరో అనే యుద్ధ పడవ దగ్గర మా వాళ్ళు గంటసేపు కదల్లేదు. 1862 డిసెంబర్‌లో యాజూ నదిలో మందుపాతర పేలి 12 నిమిషాల్లో మునిగింది, ఒక్కరూ చనిపోలేదు. దాదాపు వందేళ్ళు బురదలో ఉన్నాక 1964లో పైకి తీశారు, నావికుల సామాన్లు కూడా పక్కనే మ్యూజియంలో పెట్టారు.

అక్కడి నుంచి నాచెజ్ 70 మైళ్ళు, దారంతా హాయిగా గడిచింది. నాచెజ్‌లో ఒక్కటే చూసే టైముంటే లాంగ్‌వుడ్ చూడండి. ఎనిమిది మూలల బంగళా, 32 గదులు అనుకుంటే పూర్తయినవి కింద 9 మాత్రమే. 1861లో ఆ అంతర్యుద్ధం రాగానే పనివాళ్ళు వెళ్ళిపోయారు, పై అంతస్తులో ఇటుక గోడలు, ఎక్కడి చెక్కలు అక్కడే. ఈ బంగళాలన్నీ పత్తి డబ్బు, అంటే బానిసల చాకిరీ. అందుకే ఫోర్క్స్ ఆఫ్ ద రోడ్ కూడా తప్పకుండా వెళ్ళండి, మనుషుల్ని అమ్మిన సంత జరిగిన చోటు అది. ఇప్పుడు ఖాళీ స్థలం, బోర్డులు, సిమెంటులో పాతిన సంకెళ్ళు. అత్తయ్య గారు బోర్డు మీదది చదివి చెప్పమన్నారు, విని చాలాసేపు మాట్లాడలేదు.

బస మాత్రం వంతెన దాటి లూసియానా వైపు విడేలియాలో చేయండి. 45 డాలర్లకి నది ఒడ్డునే సైట్, 50 ఆంప్ అంటే 50 ఆంపే, రెండు ఏసీలూ రాత్రంతా ఆడాయి. ఆఫీసులో పెద్దాయన స్వయంగా వచ్చి ప్లగ్ పెట్టి మీటర్ చూపించి వెళ్ళాడు. పొద్దున్నే కుర్చీలు వేసుకుని ఉప్మా తింటుంటే ఎదురుగా బార్జ్‌ల (సరుకు పడవల) వరస పోతోంది. అత్తయ్య గారిది రాజమండ్రి, "ఇంత నది పెట్టుకుని మెట్లు కట్టలేదేంటే, స్నానానికి ఎక్కడ దిగుతారు?" అని అడిగారు. వదిన కూడా అక్కడే మామూలు మనిషయింది.

బండి అద్దె రోజుకి 295, గ్యాలన్‌కి ఏడు ఎనిమిది మైళ్ళే ఇచ్చింది కాబట్టి పెట్రోల్‌కే 330 దాకా అయింది. నాచెజ్ డౌన్‌టౌన్ సందుల్లోకి పెద్ద బండి తీసుకెళ్ళొద్దు, పార్కింగ్ దొరకదు, విడేలియాలో వదిలేసి క్యాబ్‌లో వెళ్ళండి. బుక్ చేసేటప్పుడు నది వైపు మొదటి వరసే అడగండి, వెనక వరసల్లోంచి నీళ్ళు కనపడవు.