డాలస్‌లో లైన్ డాన్స్ నైట్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టే ముందు నేల చూడండి

డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉన్న మనవాళ్లకి ముఖ్యంగా ఈ జాగ్రత్త. "కంట్రీ నైట్, లైన్ డాన్స్ లెసన్‌తో సహా గ్రూప్ ప్యాకేజీ" (కంట్రీ అంటే ఇక్కడి అమెరికన్ పల్లె సంగీతం) అని ఎక్కడైనా కనిపిస్తే వెంటనే డబ్బు పంపేయకండి. మేం 14 మంది ఆడవాళ్లం అలాగే పంపాం. ముందు 630 డాలర్లు, అక్కడికి వెళ్లాక ఇంకో 480. మూడున్నర గంటల్లో మాకు దక్కిన లైన్ డాన్స్ పాటలు నాలుగు. మాలో ఒకావిడ మోకాలు మెలిపడి రెండు వారాలు బ్రేస్ కట్టుకుని తిరిగింది.

ఆ చోటు పేరు రాయడం లేదు. పేరు రాస్తే మీరు ఆ ఒక్క చోటికి వెళ్లడం మానేసి, అదే సరుకు అమ్మే పక్కవాడి దగ్గర బుక్ చేస్తారు. గుర్తులు చెప్తాను, అవి ఎక్కడ కనిపించినా ఆగండి.

మా ఊరి రిక్రియేషన్ సెంటర్‌లో మూడేళ్లుగా శనివారం పొద్దున లైన్ డాన్స్ క్లాసుకి వెళ్తున్నాం. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: అందరూ వరసల్లో నిలబడి ఒకే గోడ వైపు చూస్తూ ఒకే అడుగులు వేస్తారు. చాలా డాన్సులు 32 లెక్కలకి పూర్తవుతాయి. అయిపోగానే పక్క గోడకి తిరిగి మళ్లీ మొదటినుంచి. జోడీ అక్కర్లేదు. మావారిని సోఫాలోంచి లేపి తీసుకెళ్లే పని లేదు కాబట్టే మా గ్రూపు మూడేళ్లు నిలబడింది. చిన్నప్పుడు కోలాటం ఆడినవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుంది. తేడా ఏంటంటే, కోలాటంలో లెక్క తప్పితే కర్ర వేళ్ల మీద పడుతుంది, ఇక్కడ పక్కావిడ వచ్చి మీద పడుతుంది.

మా గ్రూపులో అందరికన్నా పెద్దావిడకి 60 నిండాయి. అక్కా అనే పిలుస్తాం. "మా ఆయనకి షష్టిపూర్తి చేసి హోమాలు చేయించారు, పక్కన పీట మీద కూర్చోవడం తప్ప నాకేం ఒరిగింది? నాకు బూట్లు వేసుకుని నిజం కంట్రీ ఫ్లోర్ మీద ఆడాలనుంది" అంది. అన్నట్టే ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్ వెళ్లి 180 డాలర్లు పెట్టి ఎర్ర బూట్లు కొనుక్కుంది, తోలు అడుగువి. ఇక ఆమె పుట్టినరోజుకి ఆ బూట్లకి తగ్గ చోటు వెతికే బాధ్యత నా నెత్తిన పడింది.

వెతుకుతుంటే మాకు అరగంట దూరంలోనే ఒక ప్యాకేజీ కనిపించింది. మనిషికి 45 డాలర్లు. ఏడింటి నుంచి గంటసేపు లెసన్, తర్వాత రాత్రంతా లైన్ డాన్స్, మాకోసం టేబుళ్లు. ఫోటోలో మెరుస్తున్న పెద్ద చెక్క ఫ్లోరు, దాని మీద అరవై డెబ్భై మంది వరసలు కట్టి ఉన్నారు. ఫోన్ చేస్తే మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. సగం ఇప్పుడే జెల్‌లో (Zelle, ఫోన్‌లోంచే ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) పంపితే తేదీ ఖాయం చేస్తానన్నాడు. 315 డాలర్లు పంపేశాను. మిగతా 315 తర్వాత క్రెడిట్ కార్డు మీద కట్టాను. ఈ రెండు సగాల తేడా చివర్లో చెప్తాను, ఆ ముక్క మాత్రం చదవకుండా వెళ్లకండి.

లోపలికి అడుగుపెట్టగానే అక్క నా వైపు తిరిగి, "ఫ్లోర్ ఏదమ్మా?" అని అడిగింది. ఫ్లోర్ మీదే నిలబడి ఉన్నాం.

సిమెంటు గచ్చు మీద చెక్క డిజైన్ అచ్చేసిన వినైల్ షీటు పరిచారు. ఒక మూల షీటు లేచిపోతే దాని మీద నల్ల టేపు వేశారు. నేను అడుగులేసి కొలిచాను, అటు 20, ఇటు 15 అడుగులు కూడా లేదు. అందులో సగం మీద డిన్నర్ టేబుళ్లు ఉన్నాయి, తొమ్మిదింటికి తీస్తామన్నారు. గ్రేప్‌వైన్ అని అన్నిటికన్నా మామూలు అడుగు ఒకటుంది. కుడికి మూడడుగులు వేసి నాలుగో లెక్కకి కాలు ఆనిస్తాం. దానికే మనిషికి నాలుగైదు అడుగుల జాగా కావాలి. మేం 14 మందిమి వరస కడితే చివరావిడ బార్ స్టూళ్ల మధ్యలోకి వెళ్లి ఆగింది.

మరి ఆ ఫోటో? ఇంటికొచ్చాక గూగుల్ లెన్స్‌లో పెట్టి చూశాను. వేరే రాష్ట్రంలో ఉన్న హాలుది. ఆ పనేదో డబ్బు పంపకముందు చేసుంటే ఈ పోస్టే ఉండేది కాదు. రెండు నిమిషాల పని.

లెసన్ చెప్పే అమ్మాయి ఏడూ నలభైకి వచ్చింది. ఆమెని ఏమీ అనను, ఇంకో చోట క్లాసు ముగించుకుని పరిగెత్తుకొచ్చింది పాపం. పదిహేను నిమిషాల్లో ఒక డాన్స్ చెప్పి, పాట పెట్టి ఒక్కసారి ఆడించి, ఆమెకి వాళ్లు ఇచ్చిన టైమ్ అంతేనని వెళ్లిపోయింది. ఆ తర్వాత డీజే రెండు కంట్రీ పాటలు వేస్తే నాలుగు హిప్‌హాప్ వేశాడు. మేం వెళ్లి అడిగిన ప్రతిసారీ "పది నిమిషాల్లో" అన్నాడు. నేను ఫోన్‌లో రాసుకుంటూ వచ్చాను. పదిన్నరకి బయటపడేసరికి, లెసన్‌లో ఆడించినదానితో కలిపి, నాలుగు.

మోకాలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్ని మా వయసు మీదకి తోసేస్తున్నారు. టేబుళ్లు తీశాక నేల తుడవలేదు. ఎవరో ఒంపిన బీరు ఆరి జిగురైపోయింది. నడుస్తుంటే చెప్పు నేలకి అంటుకుని ఊడొస్తున్న చప్పుడు, టేపు పీకినట్టు. మాలో ఒకావిడ స్నీకర్స్ వేసుకుంది. మూడో పాటలో పివట్ వచ్చింది. ముందు పాదం మీద బరువు వేసి అర్ధ చుట్టు తిరగాలి. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మధ్యలో ఉన్నది మోకాలు. ఆమె అరిచిన అరుపు పాటలో కలిసిపోయింది, నేను పక్కనే ఉండి కూడా ఉత్సాహంతో కేకేసిందనుకున్నాను.

అందుకే చెప్తున్నాను, ఫ్లోర్ అంటే అందం కోసం కాదు. పాత డాన్స్ హాళ్లలో చెక్క నేల వేసి, దాని మీద మొక్కజొన్న పిండో డాన్స్ మైనపు పొడో చల్లడం తోలు బూటు సాఫీగా జారడానికే. వినైల్, రబ్బరు అడుగు, ఆరిన బీరు, ఈ మూడూ కలిస్తే మోకాలికి గండం.

ఇక బిల్లు. కూర్చున్నాక మెనూతో పాటు ఒక చిన్న కార్డు పెట్టారు: టేబుళ్లకి కలిపి కనీసం 400 డాలర్ల ఆర్డర్, పైన 20 శాతం సర్వీస్ ఛార్జ్. ఫోన్‌లో ఈ మాటే లేదు. మాలో తాగేవాళ్లు ఇద్దరు, వాళ్లూ తలా ఒక గ్లాసు. మిగతావాళ్లం కోకులు, ఫ్రైలు, చీజ్ నాచోలతో 400 చేరుకోవడానికి పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. బీన్స్‌లో పంది మాంసం ఉందా అని అడిగితే "కొంచెమే" అన్నాడు సర్వర్. చివరికి ఎవరికీ ఆకలి లేకుండా ఆరు ప్లేట్ల చర్రోలు తెప్పించి ఇళ్లకి పట్టుకెళ్లాం.

ఇంత జరిగాక కూర్చుని ఆలోచిస్తే, మోసంలో సగం వాళ్లది, సగం నా తెలియనితనం. "కంట్రీ" అని బోర్డు ఉంటే లైన్ డాన్స్ ఉంటుందనుకున్నాను. ఆ రెండూ వేరు. టెక్సస్‌లో పాత హాళ్లు చాలావరకు జర్మనీ నుంచి, చెక్ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు కట్టుకున్నవి. పోల్కాకి, వాల్ట్జ్‌కి, అంటే జోడీగా ఆడేవాళ్లకి. న్యూ బ్రౌన్‌ఫెల్స్ దగ్గర 1878లో కట్టిన గ్రూన్ హాల్, ఆస్టిన్‌లో 1964 నుంచి నడుస్తున్న బ్రోకెన్ స్పోక్ గొప్ప చోట్లే, కానీ అక్కడికి వెళ్లేది ముఖ్యంగా టూ-స్టెప్ అనే జోడీ డాన్స్ కోసం. లైవ్ బ్యాండ్ వాయిస్తుంటే ఫ్లోర్ జోడీలదే, లైన్ డాన్స్ పాటలు పడితే గిడితే బ్యాండ్ విరామంలో డీజే వేసేవే. కాబట్టి శనివారం రాత్రి పెద్ద బ్యాండ్ ఉందని మురిసిపోయి బుక్ చేస్తే, మనం ప్రేక్షకులుగా మిగిలిపోతాం. వారం మధ్యలో డీజే ఉన్న రోజే మనలాంటివాళ్లకి పండగ.

మంచి ఫ్లోర్‌ని గుర్తుపట్టడానికి ఇంకో సంగతి చెప్తాను. ఒక పాట నడుస్తుండగా పక్కన నిలబడి చూడండి. జోడీలు అంచు వెంట గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంటారు, వేగంగా వెళ్లేవాళ్లు బయటి వరసలో. లైన్ డాన్స్ చేసేవాళ్లు మధ్యలో ఉంటారు. ఎవరూ గ్లాసు పట్టుకుని ఫ్లోర్ మీదకి రారు, వచ్చినా ఎవరో ఒకరు నవ్వుతూనే పక్కకి పంపేస్తారు. ఇది కనిపిస్తే ఆ చోటు డాన్సర్లది. మేం వెళ్లిన చోట జనం బీరు సీసాలతో మా వరసల మధ్యనుంచే బాత్రూమ్‌కి వెళ్లారు. వేరే దారి లేదు మరి.

అందుకే నా సలహా, వారంలో ఏ రోజుకి బుక్ చేయాలనుకుంటున్నారో, అదే రోజున ముందొకసారి ఇద్దరు ముగ్గురు వెళ్లి చూసి రండి. గురువారం ఫ్లోర్ వేరు, శనివారం ఫ్లోర్ వేరు. తలుపు దగ్గర కట్టే పది పదిహేను డాలర్లు దండగ కాదు. ఫోన్‌లో అయితే "లైన్ డాన్స్ ఉంటుందా" అని అడగకండి, ఎవరైనా ఉంటుందనే చెప్తారు. గంటకి ఎన్ని పాటలు, లెసన్ ఎవరు చెప్తారు, ఈ నెల ఏయే డాన్సులు నేర్పారు అని అడగండి. నిజంగా నడిపేవాళ్లయితే డాన్సుల పేర్లు గడగడా చెప్తారు, వాటి స్టెప్ షీట్లు, అంటే అడుగులు వరసగా రాసిన కాగితాలు, కాపర్‌నాబ్ సైట్‌లో చూసుకుని ప్రాక్టీస్ చేసి వెళ్లొచ్చు. నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి. టేబుల్ మినిమం, సర్వీస్ ఛార్జ్, ఆ రోజు ఫ్లోర్ మీద టేబుళ్లు వేస్తారా, ఈ మూడూ ఈమెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట నీటిమూటే, నా దగ్గర కాల్ లాగ్ తప్ప ఇంకేం మిగల్లేదు.

ఇప్పుడు ఆ రెండు సగాల సంగతి. మేనేజర్‌కి ఫోటోలతో సహా ఈమెయిల్ రాస్తే, 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇస్తాం, 90 రోజుల్లో వాడుకోండి అన్నాడు. ఎక్కడ వాడాలి, ఆ వినైల్ మీదా? కార్డు కంపెనీకి డిస్ప్యూట్ పెట్టాను. ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ అని 1974 నాటి చట్టం ఉంది. ఒప్పుకున్న ప్రకారం ఇవ్వని సరుకు, సేవ మీద మనం అభ్యంతరం చెప్పొచ్చు. ఆ ఛార్జి కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల లోపు రాతపూర్వకంగా చెప్పాలి. ప్రకటన స్క్రీన్‌షాట్, నేల ఫోటో, టేపు ఫోటో, మినిమం కార్డు ఫోటో అన్నీ జత చేశాను. ఐదు వారాలకి 315 వెనక్కి వచ్చింది.

జెల్‌లో పంపిన 315 గురించి బ్యాంకుకి ఫోన్ చేస్తే, "మీరే పంపారు కదమ్మా" అన్న అర్థం వచ్చేలా చాలా మర్యాదగా చెప్పి పెట్టేశారు. జెల్ అంటే చేతిలో నోటు పెట్టినట్టే. తెలిసినవాళ్లకి తప్ప పంపకూడదు. టెక్సస్‌లో 20,000 డాలర్ల లోపు తగాదాలకి జస్టిస్ కోర్టు ఉంది, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు. వేద్దామా అని గ్రూపులో ఓటు పెడితే 14లో 11 మంది "వదిలేయ్" అన్నారు. నేను మాత్రం ఇంకా వదల్లేదు, ఫారం ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద పెట్టాను.

అక్క పుట్టినరోజు మళ్లీ చేశాం. మా రిక్రియేషన్ సెంటర్‌లోనే బాస్కెట్‌బాల్ కోర్టు రెండు గంటలు అద్దెకి తీసుకున్నాం. మేపుల్ చెక్క నేల, ఫోటోలో చూసిన ఫ్లోర్ కన్నా పెద్దది, బ్లూటూత్ స్పీకర్, పులిహోర, దద్దోజనం. ఎలక్ట్రిక్ స్లైడ్ అనే లైన్ డాన్స్ మూడుసార్లు ఆడాం, బ్రేస్ కట్టుకున్నావిడ కుర్చీలో కూర్చుని లెక్క చెప్పింది. ఒక్కటే తక్కువ. కోర్టు మీద బూట్లు వేసుకోనివ్వరు, గీతలు పడతాయని. అక్క ఎర్ర బూట్లు పక్కన బెంచీ మీద పెట్టి, చంటిబిడ్డని చూసుకున్నట్టు మధ్యమధ్యలో చూసుకుంటూ ఆడింది.

వచ్చే గురువారం నేనూ, ఇంకో ఇద్దరం కలిసి ఫోర్ట్‌వర్త్‌లో బిల్లీ బాబ్స్ చూసి వద్దామనుకుంటున్నాం. 1981లో తెరిచిన చోటు, ఒకప్పుడు పశువుల కొట్టం. ఫ్లోర్ ఎలా ఉందో, డీజే గంటకి ఎన్ని పాటలు వేశాడో లెక్కపెట్టుకుని వచ్చి ఇక్కడే రాస్తాను. అక్కకి ఇంకా చెప్పలేదు, చెప్తే బూట్లు వేసుకుని కార్లో ముందే కూర్చుంటుంది.