ముందు పేపరా, ముందు ఊరా?

పీహెచ్‌డీ కొత్తలో రెండు సలహాలు వినిపిస్తాయి. ముందు పేపర్లు రాయి, జనం సంగతి ఉద్యోగం వచ్చాక చూద్దువుగాని అనేది ఒకటి. అందులో నిజం లేకపోలేదు, ఫెలోషిప్ ఐదేళ్లే, ఇంటర్వ్యూలో అడిగేదీ పేపర్లే.

రెండోది, ఇప్పుడే జనంలోకి వెళ్లు. నాది ఈ దారే. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లే తీసుకోండి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) శాస్త్రవేత్తలు 1970ల్లోనే తెచ్చారు, దానికి పేరు కూడా నల్గొండ టెక్నిక్ అనే పెట్టారు. కానీ బకెట్‌కి సరిపడా పటిక ఇంట్లో కొలిచి వేయడం కుదురుతుందా, అడుగున చేరిన మడ్డి ఎక్కడ పారబోయాలి, రోజూ ఈ పనంతా చేసే ఓపిక ఇంట్లో ఎవరికుంది, ఇవన్నీ నీళ్లు మోసే ఆవిడను అడిగితేనే తెలుస్తాయి. మొదటి ఏడాదే అడిగితే ప్రయోగాన్ని మార్చుకోవచ్చు, థీసిస్ ఇచ్చేశాక అడిగితే మార్చుకోవడానికి ఏం మిగలదు.